ఎన్ని మెగాపిక్సెళ్ళకి ఎంత పటం?

ఆఫీసులో కెమెరా పిచ్చోడని ఒకసారి పేరు పడిందంటే ఇక అంతే సంగతులు. కొత్త ఫోను కొనేవాడూ, పెళ్ళి ఆల్బం చేయించేవాడూ, కొత్త ఫ్లాట్‌లో హాలు గోడ బోసిగా ఉందని బాధపడేవాడూ, అందరూ కాఫీ మెషీన్ దగ్గర పట్టుకుని ఒకటే ప్రశ్న వేస్తారు: "బాస్, నాది ఇన్ని మెగాపిక్సెళ్ళు. ఎంత సైజు దాకా ప్రింట్ తీయించొచ్చు?"

దీనికి నెట్లో బోలెడు పట్టికలున్నాయి. ఇన్ని మెగాపిక్సెళ్ళకి ఇంత సైజు అని గళ్ళు గీసి మరీ పెట్టారు. అవన్నీ ఒక్క భాగహారం మీద నడుస్తాయి. ఫోటో వెడల్పులో ఎన్ని పిక్సెళ్ళున్నాయో చూసి దాన్ని 300తో భాగించడమే. 12 మెగాపిక్సెళ్ళ ఫోను ఫోటో అంటే 4000 × 3000. 300తో భాగిస్తే 13.3 × 10 ఇంచీలు. 24 మెగాపిక్సెళ్ళ కెమెరా అంటే 6000 × 4000, అంటే 20 × 13.3 ఇంచీలు. 2004లో వచ్చిన నికాన్ డి70 అయితే 6 మెగాపిక్సెళ్ళు, 3008 × 2000. సుమారు 10 × 6.7 ఇంచీలు. అంతే. ఈ లెక్క తప్పు కాదు గానీ, చాలామందిని భయపెట్టింది మాత్రం ఇదే. "అయితే 20 × 30 కి నా ఫోను పనికిరాదన్నమాట" అని ఉసూరుమంటారు. పనికొస్తుంది. ఎందుకో చెబుతా.

అసలు ఆ 300 ఎక్కణ్ణుంచి వచ్చింది? మన కంటి నుంచి. కంటి డాక్టరు దగ్గర 6/6 అనిపించుకున్న కన్ను, ఒక డిగ్రీలో 60వ వంతు కోణం దాకా రెండు గీతల్ని విడివిడిగా చూడగలదు. అంతకంటే దగ్గరగా ఉంటే రెండూ కలిసిపోయి ఒకటే గీతలా కనిపిస్తాయి. చేతిలో పట్టుకున్న ఫోటోని సుమారు ఒక అడుగు దూరం నుంచి చూస్తాం. అక్కడ ఆ కోణం లెక్కేస్తే ఇంచికి దాదాపు 290 చుక్కలొస్తాయి. రౌండుగా 300 అన్నారు. అంటే 300 అనేది అడుగు దూరం నుంచి చూసే కంటికి సరిపోయే లెక్క మాత్రమే. దూరం మారితే అంకె మారాలి.

మనకి కావలసిన సూత్రం ఒక్క లైనే. 3438ని దూరంతో (ఇంచీల్లో) భాగించండి, ఇంచికి ఎన్ని పిక్సెళ్ళు చాలో వచ్చేస్తుంది. మూడడుగుల దూరానికి 95. ఆరడుగులకి 48. ముప్ఫై అడుగులకి పది కూడా అక్కర్లేదు.

ఇప్పుడు మన ఊరి సెంటర్లో కట్టే ఫ్లెక్సీలు గుర్తు తెచ్చుకోండి. "జన్మదిన శుభాకాంక్షలు" అని పది అడుగుల వెడల్పున నాయకుడు నవ్వుతుంటాడు, కింద స్టాంపుల్లా పదిహేను మంది అనుచరులు. ఆ నాయకుడి ఫోటో ఎక్కడిదనుకుంటున్నారు? చాలాసార్లు వాట్సాప్‌లో వచ్చిందే. రోడ్డవతల ముప్ఫై అడుగుల దూరం నుంచి చూసేవాడికి పది అడుగుల బొమ్మ, అంటే 120 ఇంచీలు, ఇంచికి పది పిక్సెళ్ళ లోపే చాలు. మొత్తం వెడల్పుకి 1150 పిక్సెళ్ళు. వాట్సాప్ మామూలు క్వాలిటీలో పంపే ఫోటో పొడుగు వైపు సుమారు 1600 ఉంటుంది. ఇంకా మిగిలింది! నమ్మకం లేకపోతే ఈసారి ఆ ఫ్లెక్సీ కిందికెళ్ళి ముక్కు ఆనించి చూడండి. అన్నీ గళ్ళు గళ్ళుగా మసకే. పది అడుగులు వెనక్కొస్తే మళ్ళీ నాయకుడు నవ్వుతాడు.

ఇదే లెక్కలో నాకు బాగా నచ్చిన విషయం ఇంకోటుంది. మనం ఒక బొమ్మని మొత్తంగా చూడాలంటే దాని సైజుకి తగ్గట్టు వెనక్కి జరుగుతాం. పోస్టుకార్డుని చేతిలో పెట్టుకు చూస్తాం, సినిమా తెరని వెనక కుర్చీలోంచి చూస్తాం. సుమారుగా బొమ్మ పొడుగెంతో అంత దూరంలో నిలబడ్డామనుకోండి. 18 ఇంచీల ఫోటోని 18 ఇంచీల నుంచి చూస్తే ఇంచికి 191 పిక్సెళ్ళు కావాలి. 18 × 191 = 3438. ఆరు అడుగుల ఫోటోని ఆరు అడుగుల నుంచి చూస్తే 72 × 48, మళ్ళీ దాదాపు అదే 3438. బొమ్మ ఎంత పెద్దదైనా, నిలబడే దూరం దానితోపాటు పెరుగుతున్నంత సేపూ కావలసిన పిక్సెళ్ళు మారవు. పొడుగు వైపు మూడున్నర వేలు చాలు. మీ 12 మెగాపిక్సెళ్ళ ఫోనులో 4000 ఉన్నాయి. కాబట్టి కాఫీ మెషీన్ దగ్గరి ప్రశ్నకి నా జవాబు: గోడ ఎంతుంటే అంత!

ఇది కాగితం మీద లెక్కే కదా అంటారా? 2015లో ఆపిల్ వాళ్ళు ఐఫోన్ 6తో జనం తీసిన ఫోటోల్ని ఊళ్ళ నడిబొడ్డున హోర్డింగులకెక్కించారు. ఆ ఫోను కెమెరా 8 మెగాపిక్సెళ్ళు, పొడుగు వైపు 3264. ఎవరూ "పిక్సెళ్ళు కనిపిస్తున్నాయి" అని గొడవ చెయ్యలేదు. అంతకు ముందే, మెగాపిక్సెళ్ళ పోటీ మంచి ఊపు మీదున్న రోజుల్లో, న్యూయార్క్ టైమ్స్‌లో రాసే డేవిడ్ పోగ్ ఒక పరీక్ష పెట్టాడు. ఒకే ఫోటోని 5, 8, 13 మెగాపిక్సెళ్ళుగా చేసి, మూడింటినీ 16 × 24 ఇంచీల సైజులో ప్రింట్ తీయించి, న్యూయార్క్ యూనియన్ స్క్వేర్‌లో గోడకి అంటించి, ఏది ఏదో చెప్పమని దారిన పోయేవాళ్ళని అడిగాడు. డజన్ల మంది ప్రయత్నిస్తే సరిగ్గా చెప్పింది ఒక్కరు. దీని గురించి 2007లో రాశాడు.

ఇంకో రెండు అపోహలు కూడా వదిలించుకుందాం.

మొదటిది "72 డీపీఐ" భయం. "స్టూడియో వాడు ఫైలు 72 డీపీఐ ఉంది, ప్రింట్ రాదన్నాడు" అని ఒక మిత్రుడు వాపోయాడు. మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం, మనకైనా తెలియాలి కదా. ఆ 72 అనేది ఫైలు హెడర్‌లో రాసిన ఒక అంకె. మెటాడేటా. దాన్ని 300 అని మార్చినా లోపలున్న 4000 × 3000 పిక్సెళ్ళలో ఒక్కటీ పెరగదు, ఒక్కటీ తరగదు. ఎన్ని పిక్సెళ్ళున్నాయి, ఎన్ని ఇంచీలకి పరుస్తున్నాం అన్నదే లెక్క. ఆ హెడర్‌ని పట్టించుకోనక్కర్లేదు.

రెండోది, మెగాపిక్సెళ్ళు రెట్టింపైతే ఫోటో రెట్టింపు పెద్దదవుతుందనే భ్రమ. మెగాపిక్సెల్ అనేది వైశాల్యం. 12 నుంచి 48కి వెళ్తే, అంటే నాలుగింతలైతే, పొడుగూ వెడల్పూ రెండింతలే అవుతాయి. పైగా 48, 50 అని డబ్బా మీద రాసుకున్న ఫోన్లు చాలావరకు మామూలుగా నాలుగేసి పిక్సెళ్ళని కలిపి ఒకటి చేసి 12 మెగాపిక్సెళ్ళ ఫోటోనే ఇస్తాయి. అది మోసమేం కాదు, తక్కువ వెలుతురులో మంచి ఫోటో రావడానికే. కానీ ఆ పెద్ద అంకె చూసి ఫోను మార్చనక్కర్లేదని నా అభిప్రాయం.

మరి ఇంత సులువైతే పెద్ద ప్రింట్లు ఎందుకు చెడిపోతున్నాయి? ఇక్కడే అసలు కథ ఉంది.

కొన్నేళ్ళ క్రితం మా పెదనాన్న పోయారు. పదకొండో రోజుకి పటం కావాలి. ఇంట్లో పదిహేను స్మార్టుఫోన్లున్నాయి, వాటిలో కలిపి లక్ష ఫోటోలుంటాయేమో. పెదనాన్న ఒక్కరే, నిటారుగా కూర్చుని, కెమెరా వైపు చూస్తున్న ఫోటో ఒక్కటీ లేదు. ఆయన ఎప్పుడూ వెనక వరసే. చివరికి మనవరాలి పెళ్ళిలో తీసిన గుంపు ఫోటో ఒకటి కుటుంబం గ్రూపులో దొరికింది. అందులో ఆయన బాగున్నారు, నవ్వుతున్నారు. మా తమ్ముడు దాన్ని పట్టుకెళ్ళి టౌన్లో ఒక స్టూడియోలో ఇచ్చాడు. సాయంత్రానికి 12 × 15 పటం కట్టి ఇచ్చారు.

పటం చూసి పెద్దమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా, "ఈయనెవర్రా? మీ పెదనాన్న మొహం మీద మచ్చలేవి?" అంది.

పెదనాన్నకి చిన్నప్పుడు స్ఫోటకం వచ్చింది. బుగ్గల నిండా, ముక్కు మీద చిన్న చిన్న గుంటలు. ఆ పటంలో ఉన్నాయనకి చంటిపిల్లాడి బుగ్గలు. స్టూడియోలో ఏదో సాఫ్ట్‌వేర్‌లో వేసి పెద్దది చేసి నున్నగా రుద్దేశారు. వాళ్ళ మటుకు వాళ్ళు బాగుచేశామనే అనుకుని ఉంటారు.

లెక్క చూస్తే జరిగింది ఇది. అసలు ఫోటో 4000 పిక్సెళ్ళ వెడల్పు అనుకుంటే గ్రూపులోకొచ్చేసరికి 1600 అయింది. అందులోంచి పెదనాన్న వరకు కత్తిరిస్తే మిగిలింది 600 × 750. దాన్ని 12 × 15 కి పరిస్తే ఇంచికి 50 పిక్సెళ్ళు. పైన చెప్పిన సూత్రం ప్రకారం ఆరడుగుల నుంచి చూస్తే ఇదీ సరిపోవాలి. ఫ్లెక్సీలో నాయకుడి కంటే ఇది అయిదు రెట్లు నయం కూడా. కానీ రెండు సంగతులు సూత్రానికి అందవు. ఒకటి, వాట్సాప్ పిక్సెళ్ళు తగ్గించడమే కాదు, మిగిలిన వాటిని కూడా గట్టిగా కుదిస్తుంది. ఆ కుదింపులో ముందు పోయేవి చిన్న చిన్న గుర్తులే. చర్మం, వెంట్రుకలు, మచ్చలు. రెండోది, నాకు ఆ రోజే తట్టింది. అలాంటి పటాన్ని ఎవరూ ఆరడుగుల నుంచి చూడరు. రోజూ దగ్గరకెళ్తారు. కొంగుతో దుమ్ము తుడుస్తారు, బొట్టు పెడతారు, దండ సర్దుతారు. ఒక్కోసారి ఊరికే నిలబడి మొహంలోకి చూస్తారు. "బొమ్మ పెద్దదైతే మనిషి దూరం జరుగుతాడు" అన్న నా సూత్రం ఫ్లెక్సీకి పనిచేస్తుంది, సోఫా వెనక సముద్రం బొమ్మకి పనిచేస్తుంది. ఇంట్లో మనిషి పటానికి పనిచెయ్యదు.

తర్వాత ఆ ఫోటో అసలు తీసిందెవరా అని ఆరా తీస్తే వైజాగ్‌లో ఉండే మా అక్కయ్య కొడుకు అని తేలింది. అదృష్టవశాత్తూ వాడి పాత ఫోనులో అసలు ఫైలు అలాగే ఉంది. దాన్ని డాక్యుమెంటుగా పంపమన్నాం. అదే కత్తిరింపు ఈసారి 1500 × 1875 వచ్చింది. 12 × 15 కి ఇంచికి 125. ల్యాబువాడికి "ఏ సోకులూ వద్దు, ఉన్నదున్నట్టు వెయ్యి బాబూ" అని చెప్పి వేయించాం. పట్టికల ప్రకారం 125 చాలా తక్కువ, 300లో సగం కూడా లేదు. కానీ మచ్చలు వచ్చాయి. పెద్దమ్మ చేత్తో ఒకసారి అద్దం తడిమి, లోపల గదిలో పెట్టించుకుంది.

ఈ రోజుల్లో "ఏఐతో పెద్దది చేసుకోవచ్చు కదా" అని కొందరంటారు. చేసుకోవచ్చు. 2021లో అడోబీ వాళ్ళు ఫోటోషాప్ కెమెరా రాలో ఒక్క క్లిక్కుతో పిక్సెళ్ళని నాలుగింతలు చేసే సౌకర్యం తెచ్చారు. ఇప్పుడు అలాంటివి ఫోన్లలోనూ బోలెడున్నాయి. చెట్లకీ కొండలకీ అవి బాగానే ఉంటాయి. ఆకు ఎలా ఉండాలో అది ఊహించినా మనకి నష్టం లేదు. కానీ ఫైలులో లేని వివరాన్ని ఏ ప్రోగ్రామూ తిరిగి తేలేదు, ఊహించి గీయగలదంతే. బాగా చెడిపోయిన మొహాన్ని దానికిస్తే, లక్షల మొహాలు చూసిన అనుభవంతో అందమైన మొహం ఒకటి గీసిస్తుంది. అది మీ నాన్నగారిది కాకపోవచ్చు. పరాయివాళ్ళకి తెలియదు, మీ అమ్మకి తెలిసిపోతుంది.

అందుకే నా సలహాలు ఇవి. అన్నీ పైసా ఖర్చు లేనివో, పది రూపాయల ఖర్చువో.

1. అసలు ఫైలు దాచండి. పెళ్ళిళ్ళ ఫోటోలు గ్రూపులో చూసుకోవడానికి బాగుంటాయి, దాచుకోవడానికి కాదు. నచ్చిన ఫోటో ఉంటే తీసినవాళ్ళని అడిగి డాక్యుమెంటుగా పంపించుకోండి. 2023లో వాట్సాప్ హెచ్‌డీ అని ఒక మీట పెట్టింది, మామూలు దానికంటే నయమే గానీ అదీ కుదించిందే. గూగుల్ ఫోటోస్‌లో "స్టోరేజ్ సేవర్" పెట్టుకున్నవాళ్ళకి 16 మెగాపిక్సెళ్ళ దాకా సైజు తగ్గదు. 24 × 16 ఇంచీల దాకా మంచి ప్రింట్ వస్తుందని గూగులే చెబుతోంది, అంటే వాళ్ళూ ఇంచికి 200 పిక్సెళ్ళు చాలనే అనుకున్నారన్నమాట.

2. ఇంట్లో పెద్దవాళ్ళని ఒక్కొక్కరినీ విడిగా తీయండి. పొద్దున పూట వసారాలోనో కిటికీ పక్కనో, నేరుగా ఎండ పడనిచోట కూర్చోబెట్టండి. బ్యూటీ మోడ్ తీసెయ్యండి. వేళ్ళతో జూమ్ చెయ్యకండి, రెండడుగులు ముందుకెయ్యండి. వేళ్ళతో లాగే జూమ్ చాలావరకు కత్తిరింపే. ఫోను నిలువుగా పట్టుకుని ఛాతీ వరకు ఫ్రేము నిండా తీస్తే 3000 × 4000 మొత్తం ఆ మనిషిదే. 12 × 15 కి ఇంచికి 250 వస్తుంది. పెదనాన్న పటానికి మాకు దొరికిన దానికి రెట్టింపు.

3. పెద్ద ప్రింటు వేయించే ముందు చిన్న ముక్క పరీక్షించండి. 24 × 36 కావాలనుకుంటే, ఆ సైజులో కళ్ళూ ముక్కూ ఉండే 4 × 6 ముక్క ఎంత వస్తుందో అంత కత్తిరించి, మామూలు 4 × 6 ప్రింటుగా వేయించండి. దాన్ని గోడకి అంటించి, మీరు నిజంగా నిలబడే చోట నిలబడి చూడండి. పట్టికలన్నిటికంటే ఇది నమ్మదగ్గది. అమెరికాలో ఉన్నవాళ్ళయితే మందుల షాపులోనే వేయించేసుకోవచ్చు.

4. అంచులు చూసుకోండి. ఫోను ఫోటో 4:3, 4 × 6 కాగితం 3:2. నిండా పరిస్తే పైనా కిందా కలిపి తొమ్మిదో వంతు పోతుంది. అమ్మ తల మీద పూలు తెగిపోయేది అందుకే. తీసేటప్పుడే చుట్టూ కాస్త ఖాళీ వదలండి.

5. ల్యాబులో "స్మూతింగ్ వద్దు, ఆటో కరెక్షన్ వద్దు" అని నోరు తెరిచి చెప్పండి. చెప్పకపోతే మొహం తెల్లగా చెయ్యడం మర్యాద అనుకుంటారు.

ఇక ఒక పట్టింపు సంగతి. మన ఇళ్ళల్లో బతికున్నవాళ్ళ పటం పెద్దది చేయించడమంటే జంకుతారు. "ఇప్పుడెందుకురా, పోయాక ఎలాగూ కట్టిస్తారుగా" అని మా నాన్నే జోకేశారు. అందులో కాస్త భయం కూడా ఉంది, నాకు తెలుసు. దానికి నేను వాదన పెట్టుకోలేదు. వాళ్ళ షష్టిపూర్తికి ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి తీశాను, 16 × 20 వేయించి హాల్లో పెట్టాను. జంటగా ఉన్నారు కాబట్టి ఎవరికీ అశుభం అనిపించలేదు. విడి ఫోటోలు కూడా అదే రోజు తీశాను. వాటిని ప్రింటు వేయించలేదు. అసలు ఫైళ్ళు రెండు చోట్ల భద్రంగా ఉన్నాయి, ఎక్కడున్నాయో మా చెల్లికీ చెప్పాను.

కాబట్టి కొత్త కెమెరా కొనే ముందు, సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు, మీ జేబులో ఉన్న ఫోనుతోనే ఈ పని ఒక పూటలో కానిచ్చెయ్యండి. ఎక్కువ పిక్సెళ్ళున్న ఫోను వచ్చే ఏడాదైనా దొరుకుతుంది.